సర్ పిట్టి త్యాగరాయశెట్టిగారు – చెన్నపురి నగరసభ

ప్రజాసేవ చేసిన పెద్దలను స్మరించునపుడు వారు పొందిన బిరుదములను, నిర్వహించిన పదవులను పేర్కొని తృప్తిపడుట మన వాడుక. సర్ పిట్టి త్యాగరాయశెట్టిగారి విషయమునను అట్లే జరుగుచున్నది. వారు మన దేవాంగకులమున జన్మించిరనియు, జస్టిస్ పక్షమును స్థాపించిన వారిలో ముఖ్యులనియు, చెన్నరాజధానికి ప్రథమమంత్రి పదవి తమ్ము వెదకికొనుచు వచ్చినను వలదనిరనియు మనవారందఱు నెఱుంగుదురు. ఇవన్నియు నిజములే. కాని వీనిచేత ఆ మహనీయుని జీవితము సగమైనను తెలియదు. ఆయన నలువది యేండ్లు విడువక కూర్చున్న పీఠము వేఱొకటి కలదు. అది చెన్నపురి నగరసభలోని సామాన్యసభ్యుని పీఠము. కాలువలు, కొళాయిలు, దీపములు, బడులు, పన్నులు, వీనిని గూర్చి వాదించు ఆ సభయే వారికి పాఠశాలయు, కార్యక్షేత్రమును అయినది. కనుక ఈ సంచికయందు మేము ఆ సభతో వారికి గల సంబంధమునే ప్రధానముగ గైకొని వారి చరిత్రను విన్నవింప దలచితిమి.

ముందుగా ఆ సభ యెట్టిదో తెలియవలెను. భరతఖండమునందలి నగరసభలలో చెన్నపురి నగరసభయే మిక్కిలి ప్రాచీనమైనది. ఆంగ్లేయ వర్తకసంఘమునకు పెద్దగా నుండిన సర్ జోసయా చైల్డు ప్రేరణమున, ఇంగ్లండు రాజగు రెండవ జేమ్సు కాలమున, 1687 డిసెంబరు 30వ తేదీ గల శాసనపత్రముచే అది యేర్పడినది. 1688 సెప్టెంబరు 29వ తేదీన పని ప్రారంభించినది. ఒక మేయరు, 12 మంది ఆల్డర్మనులు, 60 మంది బర్జెస్సులు ఆనాటి సభ్యులు. నతానియల్ హిగ్గిన్సను ప్రథమ మేయరు. ఆల్డర్మనులలో ఆంగ్లేయులతోపాటు పోర్చుగీసువారును, యూదులగు వర్తకులును, ముగ్గురు హిందువులును ఉండిరి. ఆ హిందువులలో చిన్న వెంకటాద్రి మన తెలుగువాడు. ఇట్లు పలుజాతుల వారిని కలిపి కూర్చుండబెట్టుటలో వర్తకసంఘమువారి యుద్దేశము కేవలము ఔదార్యము కాదు. తాము విధించిన పన్నును జనులు ఇచ్చగింపకున్నను, తమవారే కూర్చుండి విధించిన పన్నును చెల్లింతురని వారి యూహ. ఆ యూహ ఫలింపలేదు. జనులు పన్ను కట్టుటకు నిరాకరించిరి. కాని పన్ను వేయువానికిని, పన్ను నిచ్చువానికిని నడుమ ఒక సభ యుండవలెనను తలంపు మాత్రము ఆనాడే మన దేశమున నాటుకొనినది.

1726వ సంవత్సరపు శాసనపత్రముతో ఆ సభ ముఖ్యముగ న్యాయస్థానముగ మాఱినది. ఊరిని శుభ్రపఱచు పని న్యాయాధికారుల చేతిలోనికి పోయెను. 1856వ సంవత్సరమున ముగ్గురు కమీషనర్లకు నగరపాలనము నొప్పగించిరి. 1867వ సంవత్సరపు చట్టముచే నగరమును 8 విభాగములుగా జేసి, విభాగమునకు నలుగురు వంతున 32 మంది కమీషనర్లను ఏర్పఱచిరి. కాని వారందఱును ప్రభుత్వము నియమించినవారే. 1878వ సంవత్సరమున వారిలో సగము మందిని పన్ను చెల్లించువారు ఎన్నుకొనవచ్చునని చట్టము మార్చిరి. 1884వ సంవత్సరమున ఆ 32 మందిలో 24 మంది ఎన్నికచేతనే రావలెనని నిర్ణయించిరి. కాని ఎన్నిక యనగా నేటివలె వయసువచ్చిన వారికందఱికి ఓటు అని పాఠకులు భావింపరాదు. నియతమైన పన్ను చెల్లించు శక్తి గల వారికే ఆ హక్కు. అద్దెగుడిసెలో గుంటమగ్గము వేసికొని నేసెడు పద్మశాలికి గాని, దేవాంగునకు గాని, వీథులూడ్చువానికి గాని ఆ సభతో పని లేదు. వాని బ్రదుకు మాత్రము ఆ సభ తీర్మానములపై నాధారపడి యుండెను. త్యాగరాయశెట్టిగారి నగరసేవను తూచుటకు ఈ వ్యత్యాసమే త్రాసు.

శ్రీ త్యాగరాయశెట్టిగారు 1852 ఏప్రిలు 27వ తేదీన జన్మించిరి. తెలుగు వారి యింటి భాష. చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి 1876వ సంవత్సరమున బి.ఏ. పట్టము నందిరి. ఆ కాలమున పట్టభద్రుడైన హిందూయువకుడు న్యాయవాదవృత్తినో, సర్కారు కొలువునో ఆశించుట సహజము. వారు అట్లు చేయక కులవృత్తిలోనికే మరలి వచ్చిరి. ఉత్తర చెన్నపురిలో పిట్టి నేతశాల యను పేర సుమారు నూఱు మగ్గములతో కర్మాగారమును నెలకొల్పి, త్రాడు లాగినంతనే నాడె యిటునటు పరుగెత్తు క్రొత్తరకపు మగ్గమును నేతగాండ్రకు అలవాటుచేసిరి. చేతితో నాడె విసరి నేయువానికంటె ఆ మగ్గముపై నేయువాని దినపు నేత హెచ్చుగ నుండెను. చదువుకొన్నవాడు మగ్గము విడిచిపోవుట గాక, చదువును మగ్గమునొద్దకు దెచ్చుట వారి తొలి ప్రజాసేవ యని మా యభిప్రాయము. 1909వ సంవత్సరమున చెన్నపురిలోని దేశీయ వర్తకులు దక్షిణభారత వర్తకసంఘమును స్థాపించుకొన్నపుడు దానికి వీరే ప్రథమాధ్యక్షులైరి.

1882వ సంవత్సరమున, ముప్పదియేండ్ల ప్రాయమున, వారు నగరసభలో ప్రవేశించిరి. నాటినుండి సుమారు నలువదేండ్లు ఆ సభతోడి సంబంధము తెగలేదు. అంతకాలము ఒకే సభలో నుండుట వలన వారికి గలిగిన ప్రయోజన మేమన, ఊరు తమ కన్నులయెదుట పెరుగుచుండగా దాని మర్మములన్నియు వారికి కరతలామలకము లయ్యెను. రెడ్‌హిల్సు చెఱువునుండి నగరమునకు నీరు తెచ్చు ఏర్పాటు 1872వ సంవత్సరముననే జరిగినను, ఆ నీరు వడగట్టబడి శుభ్రమై వచ్చుటకు 1914వ సంవత్సరమున కీల్పాకమున జలాగారము వెలయువఱకు నాగవలసివచ్చెను. 1895వ సంవత్సరమున విద్యుచ్ఛక్తితో నడచు ట్రాముబండ్లు వీథులలో తిరుగసాగెను. మురుగునీటి కాలువలు, వీథిదీపములు, అంటురోగములు, బజారుల కట్టడములు, ఇండ్లపన్ను హెచ్చుతగ్గులు, ఇట్టివే సభలోని నిత్యచర్చలు. ఇందు కీర్తి తక్కువ, శ్రమ ఎక్కువ. లెక్కల పుస్తకము విప్పి కూర్చుండనివాడు ఇట్టి సభలో నిలువలేడు. వర్తకులైన శెట్టిగారికి లెక్క తెలియును; ఉత్తర చెన్నపురి వాసులైనందున బీదల యిండ్ల వాకిటి మురుగును తెలియును.

ఇంతలో 1904వ సంవత్సరమున క్రొత్తచట్టము వచ్చెను. సభ్యుల సంఖ్య 36కు పెరిగెను గాని, పన్నుచెల్లించువారు ఎన్నుకొను స్థానములు 24 నుండి 20కి తగ్గెను. మిగిలినవి వర్తకసంఘములు మున్నగు వానికిని, ప్రభుత్వము నియమించు వారికిని చెందెను. ప్రభుత్వము ఒకచేత నిచ్చి రెండవచేత దీసికొనుట యెట్లుండునో ఆనాటి సభ్యులకు ఇట్లు తెలిసివచ్చినది. సభకు అధ్యక్షుడుగను, కార్యనిర్వాహకుడుగను ప్రభుత్వోద్యోగియే యుండెను. సభ్యులు ఎంత వాదించినను కలము అతని చేతిలోనిది. ఎఱ్ఱబాలుశెట్టి వీథిలో నుండిన సభాకార్యాలయము 1913వ సంవత్సరమున రిపను భవనమునకు మాఱినది. స్థానిక స్వపరిపాలనమునకు దారి చూపిన రిపను ప్రభువు పేర, ఏడున్నర లక్షల రూపాయల వ్యయముతో, తెల్లని సౌధము లేచినది. సౌధమైతే లేచినది గాని, దానిలో కూర్చున్న సభకు తన అధ్యక్షుని తాను ఎన్నుకొను స్వాతంత్ర్యము ఇంకను రాలేదు.

ఆ సభలో శెట్టిగారికి ప్రబల ప్రతిపక్షిగా నుండినవారు డాక్టరు టి. ఎం. నాయరుగారు. ఆయన వైద్యుడు, వాగ్ధాటి గలవాడు. తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామివారి కోనేటికి నగరపు నీరిచ్చు విషయమున వారిరువురికి గొప్ప వివాదము గలిగినది. దైవకార్యమునకు నీరిచ్చుట తగునని యొకరు, పన్ను చెల్లించు పౌరుల నీటిని ధర్మముగ నిచ్చుటకు సభ కధికారము లేదని యొకరు పట్టుపట్టిరి. విరోధము ముదిరి తుదకు నాయరుగారు సభను విడిచిపోయిరి. ఇంతటి వైరము కలిగిన యిరువురును కొలదికాలములోనే యొకే పక్షమునకు నాయకులగుట చిత్రము. ఆ సంధి చేసినవారు డాక్టరు సి. నటేశమొదలియారుగారు. సభలో అభిప్రాయభేదము వేఱు, వ్యక్తిద్వేషము వేఱని యెఱిగినవారికే అట్టి సంధి సాధ్యమగును. మన సంఘములలో నొక తీర్మానముపై తగవు వచ్చినంతనే ముఖములు చూచుకొనుట మానివేయు మనము ఈ విషయమును మనసున నుంచుకొనవలెను.

శెట్టిగారు పూర్వము కాంగ్రెసు సభలలో పాల్గొన్నవారే. కాని చదువులలోను, ఉద్యోగములలోను, శాసనసభలలోను బ్రాహ్మణేతరులకు జనసంఖ్యకు దగిన స్థానము లేదను విచారము వారిని వేఱుదారికి మఱల్చినది. 1916వ సంవత్సరమున వారే స్వయముగ నొక యెన్నికలో నోడిపోయిరి. ఆ సంవత్సరము నవంబరు 20వ తేదీన చెన్నపురిలో సుమారు ముప్పదిమంది ప్రముఖులు సమావేశమై కార్యక్రమము నిర్ణయించిరి. డిసెంబరు నెలలో శెట్టిగారి పేర బ్రాహ్మణేతరుల ప్రకటన వెలువడినది. 1917 ఫిబ్రవరి 26వ తేదీన జస్టిస్ పత్రిక ఆంగ్లమున ప్రారంభమయ్యెను. ఆ పత్రిక పేరే పక్షమునకు వాడుకపేరైనది. తెలుగున ఆంధ్రప్రకాశిక ఆ పక్షపు భావములను వ్యాపింపజేసెను. 1919వ సంవత్సరమున నాయరుగారు లండనులో కాలధర్మము నొందగా భారమంతయు శెట్టిగారిపై బడినది. 1920వ సంవత్సరపు శాసనసభ యెన్నికలలో, కాంగ్రెసు వారు బహిష్కరించి యుండగా, ఎన్నికచేత నిండవలసిన 98 స్థానములలో 63 జస్టిస్ పక్షమునకు లభించెను. గవర్నరు విల్లింగ్డను ప్రభువు మంత్రివర్గము నేర్పఱుపుమని శెట్టిగారిని పిలువగా వారు అంగీకరింపలేదు. ఆ పదవి సుబ్బరాయలు రెడ్డియారుగారికిని, 1921వ సంవత్సరమున పానగల్లు రాజాగారికిని చెందినది.

మంత్రిపదవిని వలదన్నవారు నగరసభ అధ్యక్షపదవిని మాత్రము వలదనలేదు. 1919వ సంవత్సరపు నగరచట్టము సభాస్వరూపమును మార్చివేసినది. సభ్యుల సంఖ్య 50 అయ్యెను. నగరము 30 విభాగములుగా నేర్పడెను. అన్నిటికంటె ముఖ్యము, సభ తన అధ్యక్షుని తానే ఎన్నుకొను హక్కు పొందెను. తీర్మానించుట సభ పని, ఆచరణలో బెట్టుట కమీషనరు పని యను విభాగము స్పష్టమైనది. ఈ చట్టము ప్రకారము 1920వ సంవత్సరమున అధ్యక్షులుగ నెన్నుకొనబడిన తొలి అనధికారి త్యాగరాయశెట్టిగారే. ఎనిమిది విభాగములు, ముప్పదియిద్దఱు కమీషనర్లు గల సభలో చేరిన యువకుడు, చట్టము మూడుమార్లు మాఱగా చూచి, అఱువదియెనిమిదవ యేట ఆ సభాపీఠము నధిష్ఠించెను. దాని యందలి ప్రతిమెట్టును వారు తమ కాళ్లతో ఎక్కినవారు.

ఆ యధికారముతో వారేమి చేసిరని యడిగినచో మేము వేఱు కట్టడములను చూపము. ఒక అణాను జూపుదుము. థౌజండులైట్సు పేటలో నగరసభవారి పాఠశాల యొకటి కలదు. ఆ పేట పిల్లలు కడు బీదలు. కడుపు నిండనివాడు బడికి రాడు. వచ్చినను చదువు తలకెక్కదు. 1920వ సంవత్సరమున శెట్టిగారి అధ్యక్షతను సభ ఒక తీర్మానము గావించినది. ఆ బడిపిల్లలకు మధ్యాహ్నమున ఫలాహారము పెట్టవలెననియు, అందులకు పిల్ల యొక్కింటికి దినమునకు ఒక అణాకు మించకుండ వ్యయము చేయవచ్చుననియు దాని సారాంశము. పిమ్మట మఱి నాలుగు పాఠశాలలకు ఈ యేర్పాటు విస్తరించినది. 1922–23లో 811గా నుండిన విద్యార్థుల సంఖ్య 1924–25 నాటికి 1,671కి పెరిగెను. రెండేండ్లలో రెట్టింపునకు మించినది! ఉపన్యాసములు చేయలేని పనిని ఒక అణా చేసినది. ఓటులేని వాని బిడ్డకు నగరసభ మొట్టమొదట వడ్డించిన అన్న మిదియే యని మేము తలంతుము.

కాని ఆ యన్నము చిరకాలము నిలువలేదు. ప్రాథమికవిద్యకై యుద్దేశించిన నిధినుండి భోజనమునకు వ్యయము చేయరాదని ప్రభుత్వము ఆక్షేపించినందున, 1925 ఏప్రిలు 1వ తేదీనుండి ఆ ఏర్పాటు ఆగిపోయెను. సభ తన అధ్యక్షుని తాను ఎన్నుకొనవచ్చును; తన పేటలోని బిడ్డకు పిడికెడు మెతుకులు పెట్టుటకు మాత్రము పైవారి సెలవు కావలసివచ్చెను. ఆనాటి స్థానిక స్వపరిపాలనమునకు హద్దు ఎక్కడనో దీనివలన తేటపడుచున్నది. ఆ నెల 28వ తేదీన, అనగా డెబ్బదిమూడేండ్లు నిండిన మరునాడే, త్యాగరాయశెట్టిగారు దివంగతులైరి. తాము ప్రారంభించిన పుణ్యకార్యము నిలిచిపోయిన నెలలోనే వారును నిష్క్రమించిరి.

వారి మార్గమును అందఱును మెచ్చిరని మేము చెప్పము. దేశమంతయు సహాయనిరాకరణమున నున్న దినములలో, 1922 జనవరిలో వేల్సు యువరాజు చెన్నపురికి విచ్చేసినపుడు నగరసభాధ్యక్షులుగ శెట్టిగారు స్వాగత మొసంగిరి. హర్తాళము జరుపుచున్న జాతీయవాదులకు అది కష్టముగ దోచెను. ఆంగ్లప్రభుత్వమునకు అనుకూలురను నింద వారి పక్షమునకు తప్పలేదు. ఆ నిందలో కొంత న్యాయము లేకపోలేదు. ఆ ప్రభుత్వమే తుదకు వారి బడిభోజనమును నిలిపినదని తలచినపుడు మనసునకు వెత కలుగును. అయినను విమర్శకులు సైతము కాదనలేని దొకటి కలదు: నలువదేండ్ల నిరంతర పరిశ్రమతో వారు నగరసభను ప్రజలసభగా జేయుటకు పాటుపడిరి.

తరువాతి చరిత్రను సంగ్రహముగ జెప్పుదుము. 1933వ సంవత్సరమున సభాధ్యక్షునకు మఱల మేయరను ప్రాచీననామము వచ్చినది, ఎం. ఏ. ముత్తయ్యచెట్టియారుగారు ఆ పేర ప్రథములు. 1937వ సంవత్సరమున హరిజనకులజులగు జె. శివషణ్ముగంపిళ్లగారు మేయరు పీఠము నలంకరించిరి. 1957వ సంవత్సరమున తారాచెరియన్ గారు స్త్రీలలో ప్రథమ మేయరైరి. 1973వ సంవత్సరమున సభను రద్దుచేయగా 1996 వఱకు ఇరువదిమూడేండ్లు నగరమునకు ఎన్నికైన సభయే లేకుండెను. 2011వ సంవత్సరమున నగరపు ఎల్లలు విస్తరించి విభాగములు 200 అయ్యెను. 2022వ సంవత్సరపు యెన్నికలలో సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడెను. పన్నుతో నిమిత్తము లేక వయోజనులందఱకు ఓటుహక్కు కలిగినది. ఆగిపోయిన బడిభోజనము 1956వ సంవత్సరమున కామరాజనాడారుగారి ప్రభుత్వకాలమున రాష్ట్రమంతటను మఱల మొలకెత్తినది. 1982వ సంవత్సరమున ఎం. జి. రామచంద్రన్ గారి కాలమున విస్తరించినది. 2001వ సంవత్సరమున సర్వోన్నత న్యాయస్థానపు ఉత్తరువుచే దేశమునందలి సర్కారు ప్రాథమికపాఠశాలలన్నిటికిని విధియైనది. థౌజండులైట్సు బడిలో వేసిన విత్తు ఇంత వృక్షమగునని ఆనాడు తలచినవారుందురా?

నేటి త్యాగరాయనగరము వారి పేరిటిది. మాంబళము దాపుననున్న పెద్దచెఱువును పూడ్చి ఆ పేటను కట్టిరి. నడుమనున్న పానగల్లు ఉద్యానవనము రాజాగారి పేరిటిది. పండుగనాళ్లలో నగలును బట్టలును కొనుటకు ఆ పేటకు పోవు మనవారు వేలకొలదిగ నున్నారు. టీ నగరు అని పొట్టిగ బలుకుటచే ఆ పేరులోని మనిషి మఱుగుపడినాడు. ఉత్తర చెన్నపురిలో వారు నెలకొల్పిన పాఠశాలయు, 1950వ సంవత్సరమున వారి పేర వెలసిన కళాశాలయు, రిపను భవనపు ఆవరణలోని విగ్రహమును వారి స్మృతిచిహ్నములు.

మహాసభకు విచ్చేసిన సోదరీసోదరులారా! మన కులమున నొక మహాపురుషుడు పుట్టెనని చెప్పుకొనుట సులభము. వారు నడచిన బాట పొడుగును కొలుచుట కష్టము. మంత్రిపదవులకై ఆరాటపడువారు నేడు కొదువ లేరు. వార్డుసభ్యుడై వీథిమురుగును గూర్చి నలువదేండ్లు అడుగువాడు అరుదు. మనయూరి పురపాలకసంఘమునకో, పంచాయతికో ఎన్నిక వచ్చినపుడు అది చిన్నదని ఉపేక్షింపవలదు. ఓటు లేని దినములలోనే శెట్టిగారు బీదవాని బిడ్డను తలచినారు; అందఱికి ఓటున్న ఈ దినములలో మనము తలచుట యెంత సులభము! మన కులపు పిల్లలకు మాత్రమే కాక, ప్రక్కవాకిటి పిల్లకును అన్నమును, చదువును అందుచున్నవో లేదో విచారించు సభ్యులు మనలోనుండి బయలుదేరిననాడే వారి పేరు చెప్పుకొనుటకు మనకు హక్కు కలుగునని విన్నవించి విరమించుచున్నాము.